గుడి నాణెం మీద గీత

మెనోఫిలస్ చేతుల ఖరీదు నాకు తెలిసినంతగా రోము నగరంలో ఇంకెవరికీ తెలియదు. వాటికి పని నేర్పింది నేనే. వెండి చల్లదనం వేలి కొసకు ఎలా తగలాలో, రాగి కడుపున దాచుకున్న నాణెం పలకరాతి మీద ఎలా మూలుగుతుందో నాలుగేళ్ళు కూర్చోబెట్టి చెప్పాను. ఆ చేతుల్ని ఆ రోజు, పొద్దు పొడిచింది మొదలు లెక్కపెడితే తొమ్మిదో గంటకు, చిత్రహింస బల్లకు కట్టి సాగదీయబోతున్నారు. సాగదీసిన వేళ్ళు బతికితే బతుకుతాయి కాని వెండిని గుర్తుపట్టవు.

నేను నగర దళం చెరసాలకు చేరేసరికి మూడో గంట అయింది. అంటే నా చేతిలో ఉన్న సరుకు ఆరు గంటల కాలం.

నా పేరు డామా. ఒకప్పుడు వడ్డీ వ్యాపారి లూకియస్ సాతియస్ గారి బానిసను. ఆయన కొట్లో నాణేల పరీక్ష చేసేవాణ్ణి. పదేళ్ళ కిందట ఆయనే నన్ను విడిపించాడు. ఇప్పుడు నాకు సొంత వెండి కొట్టు ఉంది. వెండితో ఎవరికి చిక్కు వచ్చినా నన్ను పిలుస్తారు. ఈసారి పిలిచింది సాతియస్ గారే. "మన ఇంటి పేరు మీద మచ్చ పడింది డామా. అది ఎవరి పనో తేల్చి మచ్చ తుడిచెయ్" అన్నాడు.

మచ్చ సంగతి ఇది. కాస్త్రికియస్ అనే మిరియాల వర్తకుడు తూర్పు సముద్రానికి పంపడానికి సాతియస్ గారి దగ్గర ఐదు వందల వెండి దీనారాల సంచి తీసుకున్నాడు. అలాంటి సంచిని దారిలో ఎవరూ విప్పరు. మిరియాలు అమ్మేవాడి ఊళ్ళోనే, ఏడాది తరువాతే దాని ముడి విప్పుతారు. కాని కాస్త్రికియస్ భాగస్వామి ఉన్నట్టుండి పోయాడు. వారసులు సగం వాటా అడిగారు. సంచి చేతికి వచ్చిన మూడో రోజున ఏడుగురు పౌరుల ఎదుట సంచి విప్పితే అందులో ఎనభై ఎనిమిది నాణేలు రాగి ముక్కలు, పైన వెండి తొడుగు. సంచికి వేలాడిన ఎముక బిళ్ళ మీద పరీక్షకుడి పేరు ఉంది. నా తరువాత సాతియస్ గారి కొట్లో ఆ పనికి కూర్చున్న బానిస, మెనోఫిలస్.

మెనోఫిలస్ గోడకు ఆనుకుని కూర్చున్నాడు. చేతులు వెనక్కి కట్టారు. ముఖం అదోలా వంకర పెట్టాడు.

"ఏడుస్తున్నావా?" అన్నాను.

"లేదు గురువుగారూ. పొద్దుటి నుంచి ముక్కు దురద. గీకేవాళ్ళు లేరు."

నేను గీకాను. హాయిగా నిట్టూర్చాడు.

"సంచి సంగతి చెప్పు. గంటలతో సహా."

"ఐదు రోజుల కిందట నాలుగో గంటకు కూర్చున్నా. ఆరో గంటకు అయిపోయింది. అన్నీ ఫోర్తూనా దేవి గుడి బొమ్మున్న దీనారాలే. పాతవి, వెండి బాగుంటుంది. మిరియాల వాళ్ళు అవే కావాలంటారు."

"పనికిరానివి ఎన్ని తగిలాయి?"

"మూడు. తీసేసి వేరేవి వేశా. మూతి కట్టి బిళ్ళ తగిలించా. ముడి మీద మైనం అయ్యగారే పోసి, తన ఉంగరంతో ముద్ర వేశారు."

"రాత్రికి?"

"సంచి ఇంట్లోనే, ఇనుప పెట్టెలో. తెల్లారి మొదటి గంటకు కాస్త్రికియస్ మనిషి వచ్చి పట్టుకెళ్ళాడు."

"పెట్టె తాళం?"

"అయ్యగారి మొలకి ఉంటుంది. మీకు తెలీనిదా?"

తెలుసు. తెలుసు కాబట్టే ఆ మాట నాకు రుచించలేదు.

తలుపు కిర్రుమంది. శతాధిపతి కలేనస్ లోపలికి వచ్చాడు. ఈ కేసు అతనిది. గుప్పిట్లో వేయించిన శనగలు ఉన్నాయి. నమిలి, నన్ను ఎగాదిగా చూసి, ఎదుటి అరుగు మీద కూలబడ్డాడు.

"ఏమయ్యా వెండి కొట్టూ, బేరం కుదిరిందా?"

"ఇంకా సరుకు చూస్తున్నా, దొరా."

"చూడ్డానికేముంది? సంచిని ముట్టుకున్నది ముగ్గురు. కాస్త్రికియస్ ఏడుగురి ముందు విప్పాడు, ముద్ర చెదరలేదని ఏడుగురూ ఒట్టేసి చెప్పారు. మీ సాతియస్ బంగారు ఉంగరం పెట్టుకునే హోదా ఉన్న పెద్దమనిషి, తన ఉంగరం పరువు తనే పోగొట్టుకుంటాడా? మిగిలిందెవరు? వేళ్ళ మీద లెక్క పెట్టు. నీకు ఇంకా వేళ్ళున్నాయిగా."

మెనోఫిలస్ కళ్ళు మూసుకున్నాడు.

"వీడి మాట వినకూడదా?" అన్నాను.

"బానిస సాక్ష్యం బల్ల మీద చెప్తేనే చెల్లుతుంది. ఆ చట్టం నేను రాయలేదు. అయినా మీ పెద్దాయన మంచివాడు. నిన్న అడగ్గానే ఒప్పుకున్నాడు."

"పూచీ ఎంత అడిగాడు?"

"పూచీనా?"

"బల్ల మీద సరుకు పాడైతే యజమానికి పరిహారం ఇవ్వాలి కదా. ముందే పూచీ రాయించుకుంటారు."

"అడగలేదు. ఏం, నీకు వాటా ఉందా?"

ముసలి గాడిదను అద్దెకిచ్చేవాడు కూడా దాని కాలు విరిగితే ఎంతిస్తావని ముందే అడుగుతాడు. మెనోఫిలస్ లాంటి పనివాడు ఊరి మొత్తానికి పదిమంది ఉండరు. అలాంటివాణ్ణి ఏ హామీ లేకుండా బల్ల మీదికి పంపిన యజమాని, వాడు తిరిగి పనికి వస్తాడని లెక్క వేసుకోనట్టే. ఈ ఆలోచన వచ్చింది. వచ్చినదాన్ని పక్కకు తోసేశాను. నన్ను విడిపించిన రోజున సాతియస్ గారు నా భుజం మీద చెయ్యి వేశాడు. ఆ చెయ్యి బరువు నా ఆలోచన మీద ఇంకా ఉంది.

మొల సంచిలోంచి, ఆ ఎనభై ఎనిమిదింటిలోని దొంగ దీనారం ఒకటి, అసలుది ఒకటి తీశాను. దొంగదాన్ని మెనోఫిలస్ కళ్ళ ముందు పట్టుకున్నాను.

"వెలుగు వైపు తిప్పండి," అన్నాడు. "ఇంకొంచెం. స్తంభాలు నాలుగు, సరే. మధ్యలో దేవి, సరే. మెట్లు మూడు. పైన... పైన ఏంటది గురువుగారూ?"

"ఏది?"

"కప్పు మీద విజయదేవత. భుజం దగ్గర కర్రలాంటిది ఉంది. అసలు నాణెం మీద అది లేదు. నేను చూసింది ఇది కాదు. చూసుంటే పక్కకి తోసేసేవాణ్ణి."

కలేనస్ లేచి వచ్చి తొంగి చూశాడు. "అచ్చు మీద పడ్డ గీత. ఎనభై ఎనిమిదింటి మీదా ఉంది. నేనూ చూశాను, నేనేం గుడ్డివాణ్ణి కాదు."

"అచ్చు గీసుకుపోతే గీత దారిలో ఉన్నవాటిని కోసుకుంటూ పోతుంది దొరా. ఇది భుజం దగ్గర మొదలై, కప్పు దగ్గర సరిగ్గా ఆగింది. ఉలితో చెక్కింది."

"చెక్కనీ. దొంగ పొరపాటు చేశాడు."

"కర్ర లేనిచోట కర్ర ఎందుకు పెడతాడు?"

"తొమ్మిదో గంటకి ఇతన్నే అడుగుదాం," అంటూ కలేనస్ మెనోఫిలస్ ఒళ్ళో నాలుగు శనగలు పడేశాడు. తరువాత అతని చేతులు కట్టి ఉన్నాయని గుర్తొచ్చినట్టుంది, తనే తీసి నోట్లో పెట్టాడు. అతను చెడ్డవాడు కాదు, అదే నాకు చిక్కు. చెడ్డవాణ్ణయితే కొనెయ్యచ్చు.

ఫోర్తూనా గుడికి నడుస్తూ లెక్క వేసుకున్నాను. నిజం గుడికి ముందు స్తంభాలు ఆరు. నాణెం చిన్నది, మధ్యలో దేవి కనబడాలి. అందుకని టంకశాల వాళ్ళు రెండు స్తంభాలు తీసేసి నాలుగే చెక్కారు. దొంగ నాణెం మీదా నాలుగే ఉన్నాయి. కాబట్టి దొంగ గుడిని చూసి చెక్కలేదు, నాణేన్ని చూసి చెక్కాడు. మరి నాణెం మీద లేని కర్ర ఎక్కడిది?

గుడి మెట్ల మీద నా అసలు దీనారం మళ్ళీ తీసి చూశాను. చాలా చేతులు మారిన నాణెం. దేవి బాగానే ఉంది, స్తంభాలు బాగానే ఉన్నాయి. కప్పు మీది విజయదేవత మాత్రం అరిగి కందిగింజ అంత ముద్దగా మారింది. అంచున ఉన్న బొమ్మ, పైగా ఎత్తుగా ఉన్న బొమ్మ, అన్నిటికంటే ముందు అదే అరుగుతుంది. దొంగకు దొరికిన నాణెం కూడా ఇలాంటిదే అయి ఉండాలి. నాణెం మీద కనబడినంత మేర నాణేన్నే నమ్ముకున్నాడు. అరిగిపోయిన ముక్క కోసం తల ఎత్తి గుడిని చూశాడు.

నేనూ తల ఎత్తి చూశాను. కంచు విజయదేవత ఎండలో మెరుస్తోంది. రెక్కలున్నాయి, చేతిలో దండ ఉంది. కర్ర లేదు.

గుడి కాపరి ఓఫెల్లస్ ధూపం పొట్లాలు కడుతున్నాడు. డెబ్బై ఏళ్ళవాడు, ఒకప్పుడు సైనికుడు.

"తాతా, పైకెక్కాలి."

"దేవి కింద ఉంది. పైన ఉన్నవి పావురాలు."

"విజయదేవతని చూడాలి. ఆమె చేతిలో ఎప్పుడైనా కర్ర ఉండేదా?"

"కర్ర దేనికి, మేకలు కాసుకోడానికా? పోయి చూసుకో. పెంకు పగిలితే కొత్తది నువ్వే వేయించాలి."

అలా అన్నాడే కాని నా వెనకే నిచ్చెన ఎక్కాడు. ఐదో గంట ముగిసి ఆరోది మొదలయింది. పెంకులు కాలుతున్నాయి. కప్పు నడుమ గట్టు పట్టుకుని ముందువైపుకు పాకి, విజయదేవత వీపు చేరాను.

అక్కడ కర్ర ఉంది. రెండు రెక్కల నడుమ, కుడి భుజం కింద నుంచి కప్పు దూలం దాకా ఏటవాలుగా ఒక ఇనుప ఊచ.

"ఇదెప్పటిది తాతా?"

"అదా? పదకొండేళ్ళ కిందట భూమి కదిలినప్పుడు అమ్మ కాస్త ముందుకి ఒరిగింది. కంచరివాడితో ఊత పెట్టించా. మెట్ల మీంచి కనబడిందో, చిల్లిగవ్వ ఇవ్వనన్నా. ఎంత బాగా దాచాడో చూడు."

"పక్కల నుంచి?"

"రెక్కలు కప్పేస్తాయి. వెనక నుంచైతే కనబడుతుందనుకో. వెనక నుంచి దేవత మొహం ఎవడు చూస్తాడు?"

నాణెం మళ్ళీ చూశాను. చెక్కినవాడు ఆ ఊచను విజయదేవత పట్టుకున్న ఆయుధం అనుకున్నాడు. వాడు ఎన్నడూ మెట్ల ముందు నిలబడినవాడు కాదు. ఈ ఊళ్ళో ఉండి, ఈ గుడిని రోజూ చూస్తూ, ఒక్కసారి కూడా వీధిలోకి వచ్చి ముందు నుంచి చూడలేని మనిషి. అలాంటివాణ్ణి ఏమంటారో నాకు వేరే ఎవరూ చెప్పనక్కరలేదు. తలుపు వేసి ఉంచిన బానిస అంటారు.

వెనక్కి తిరిగాను.

గుడి వెనక నేల ఎత్తుగా పోతుంది. అక్కడ రెండే కట్టడాలు. ఒకటి ధాన్యం గిడ్డంగి, దాని గోడకు ఇటువైపు ఒక్క కన్నం లేదు. రెండోది మూడంతస్తుల ఇల్లు. దాని మెట్లు నేను పదకొండేళ్ళు ఊడ్చాను. పై అంతస్తు గదిలో విరిగిన మంచాలు పడేసేవాళ్ళం. ఇప్పుడు దాని కిటికీకి కొత్త ఇనుప కమ్మీలున్నాయి.

కమ్మీల వెనక ఒక సన్నటి మనిషి నిలబడ్డాడు. కళ్ళు చికిలించి విజయదేవత వైపే చూస్తున్నాడు, కొలత తీసుకునేవాడిలా. ఆ చూపు నా మీదికి జారింది. వెంటనే లోపల నుంచి ఎవరిదో లావాటి చెయ్యి వచ్చి కిటికీ తలుపు మూసింది.

"ఏంటయ్యా, ఎండ దెబ్బ తగిలిందా?" అన్నాడు ఓఫెల్లస్. "ఆ ఇల్లు నీకు తెలిసిందేగా."

"తెలిసిందే తాతా."

ఆ పెంకుల మీదే కూర్చున్నాను. వ్యాపారికి కూర్చుని ఆలోచించే తీరిక ఉండదు, కాని అప్పుడు లెక్క తేలేదాకా లేవకూడదనుకున్నాను. సాతియస్ గారు రాత్రి తన పెట్టె తనే తెరిచి, తన ముద్ర తనే పగలగొట్టి, ఎనభై ఎనిమిది మార్చి, మళ్ళీ తన ఉంగరమే వేశాడు. ఏడాది దాకా ఎవరూ విప్పని సంచి. విప్పే చోట ఆయన్ని ఎరిగినవాడు లేడు. ఒక చావు అడ్డం పడకపోతే చక్కటి బేరం. అడ్డం పడింది కాబట్టి బిళ్ళ మీద పేరున్నవాడు బల్ల మీదికి పోవాలి. నన్నెందుకు పిలిచాడో కూడా తెలిసింది. పాఠం చెప్పిన గురువే శిష్యుడి మీద నేరం తేలిస్తే ఇంక ఎవరూ అడగరు.

త్రాసులో ఒక పళ్ళెంలో మెనోఫిలస్ చేతులు. రెండోదాన్లో నేను. విడుదల పొందినవాడు విడిపించినవాడి మీద నేరం మోపకూడదు. ఆ పేరు నా నోటి నుంచి వస్తే, అది నిజమైనా సరే, నన్ను గనులకు పంపచ్చు. గనుల్లో వెండి ఉంటుంది కాని దాన్ని తవ్వేవాడు మూడేళ్ళు బతకడు. నలభై తొమ్మిదేళ్ళవాణ్ణి, నేను రెండు కూడా బతకను.

అలా కాకుండా ఇంకో దారి ఉందేమో వెతికాను. నేను చెప్పకూడదు. చూసినవాడు చెప్పచ్చు.

ఏడో గంటకు కలేనస్ దళం వంటశాల దగ్గర దొరికాడు. నన్ను చూడగానే ముఖం ముడుచుకున్నాడు.

"మళ్ళీ వచ్చావా?"

"మీరు గీత అన్నారు, నేను కర్ర అన్నాను. ఎవరు గెలిచారో చూపిస్తా. గుడి కప్పు ఎక్కాలి."

"గుడ్డలు అమ్ముకునేవాణ్ణి తిప్పినట్టు నన్ను ఊరంతా తిప్పుతావా? నిన్నటిదాకా ఒకడి చెప్పులు మోసినవాడివి, నువ్వు రమ్మంటే శతాధిపతి రావాలా?"

"మోశాను దొరా. అందుకే ఎవరి చెప్పు ఎక్కడ కరుస్తుందో తెలుసు. రేపు మెనోఫిలస్ తప్పు లేదని తేలితే, అతని చేతులు విరగ్గొట్టింది ఎవరని అడుగుతారు. అప్పుడు సాతియస్ గారి పేరు ఎవరూ చెప్పరు. మీ పేరు చెప్తారు."

చేతులు తుడుచుకుని లేచాడు. "నడు. ఇద్దరు మనుషులు కూడా వస్తారు. నవ్వులాట అయితే ఆ కప్పు మీంచి నిన్ను వాళ్ళు దించరు, నేను దించుతా."

ఎనిమిదో గంట నడుస్తుండగా కప్పు ఎక్కాం. భటులిద్దరూ కింద వెనక సందులో ఆగారు. నేను నాణెం కలేనస్ చేతిలో పెట్టి, విజయదేవత వీపు చూపించి, పక్కకు జరిగాను.

అతను ఊచ చూశాడు. నాణెం చూశాడు. మెట్ల వైపు వంగి చూశాడు. తరువాత నేను తిరిగినట్టే వెనక్కి తిరిగాడు. తెలివైనవాడు. నాకు పట్టినంత సేపు కూడా పట్టలేదు.

"ఆ ఇల్లెవరిది?"

"నేను చెప్పలేను దొరా."

"తెలీదా?"

"చెప్పలేను అన్నాను."

కలేనస్ నావైపు చూసే చూపు మెల్లగా మారింది. నా తల మీద ఉన్న చట్టం అతనికి అప్పుడు గుర్తొచ్చింది. "ఓహో," అన్నాడు. ఆ తరువాత, చాలా నెమ్మదిగా, "అయ్యో," అన్నాడు.

ఓఫెల్లస్ నా చెయ్యి పట్టుకున్నాడు. "అదిగో, చూడండి."

కింద ఆ ఇంటి వెనక తలుపు తెరుచుకుంది. తెరలు వేసిన పల్లకీ ఒకటి గుమ్మం దగ్గర దించారు. ఇద్దరు మనుషులు ఒక దుప్పటి మూటను మోసుకొచ్చారు. మూటలోంచి సన్నటి పాదం ఒకటి బయటికి వచ్చి గడపను తన్నింది. వాళ్ళ వెనక, బంగారు ఉంగరం ఉన్న చెయ్యి నడుము మీద పెట్టుకుని, సాతియస్ గారు నిలబడ్డాడు.

"నదిలో పడేయడానికే," అన్నాను. "అచ్చు చెక్కింది వాడే, వాడు పోతే చెక్కించింది ఎవరో చెప్పేవాడు ఉండడు. ఆపండి దొరా."

"ఎలా ఆపను? బంగారు ఉంగరం మనిషి పల్లకీ అది. ఆరోపణ చేసేవాడు ఉంటేనే నా మనిషి దాని మీద చెయ్యి వేస్తాడు. నేను దళం వాణ్ణి, నా అంతట నేను ఆరోపించకూడదు. ఒక పేరు, పేరు చెప్పే ఒక నోరు కావాలి."

"నేను చెప్పనా?" అన్నాడు ఓఫెల్లస్.

"ఏం చెప్తావు తాతా? అచ్చు అంటే ఏంటో, తొడుగు అంటే ఏంటో న్యాయాధికారి అడిగితే పావురాల సంగతి చెప్తావు. పల్లకీ ఆపాక ఆ మాట నిలబడాలి." కలేనస్ నా వైపు తిరగలేదు. "నేను నిన్ను అడగడం లేదు డామా. అడిగే హక్కు నాకు లేదు."

మూట పల్లకీలోకి పోయింది. మోసేవాళ్ళు పల్లకీ దండెలు భుజానికెత్తారు.

సాతియస్ గారు తల ఎత్తాడు. కప్పు మీద శతాధిపతి పక్కన నిలబడ్డ నన్ను చూశాడు. ఆయన కోప్పడలేదు. బేరం చివర్లో, ఎదుటివాడు ఒప్పుకుని తీరతాడని తెలిసినప్పుడు ఆయన ముఖం ఎలా ఉంటుందో అలాగే ఉంది. ఆ ముఖం నేను పదకొండేళ్ళు చూశాను. ఆ ముఖాన్ని నమ్మినవాళ్ళు ఎప్పుడూ ఒప్పుకున్నారు.

నేను లెక్క వేయలేదు. జీవితంలో అదొక్కటే నేను లెక్క వేయకుండా చేసింది.

"లూకియస్ సాతియస్," అన్నాను. "దొంగ నాణేలు కొట్టించింది, సంచిలో కలిపింది ఆయనే. ఆరోపిస్తున్నది నేను, ఆయన విడిపించిన డామా."

కలేనస్ గొంతు సవరించుకున్నాడు. "గట్టిగా చెప్పు. కింద నా వాళ్ళకి వినబడాలి."

నేను మా అయ్యగారి కళ్ళలోకి చూస్తూ మళ్ళీ చెప్పాను. ఈసారి ఆయనకూ వినబడింది.